నడుము దెబ్బ - మరల బరువెత్తుట



నేడు నేను ముచ్చటింపబోవు విషయము నడుము. వ్యాకరణమో పురాణమో చెప్పవలసిన పంతులు నడుము నొప్పిని గూర్చి ఏమి చెప్పగలడని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని నా జీవితమున నేను చేసిన పెద్ద తప్పులలో రెండు ఈ నడుమునకు సంబంధించినవే. ఒకటి నా నడుమునకు నేను చేసికొన్నది. రెండవది నా శిష్యుడొకనికి చేసినది. వానిని దాచక చెప్పినచో వినువారిలో ఒక్కరికైనను మేలు కలుగునను ఆశతో ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మాది దేవరకొండకు, అచ్చంపేటకు నడుమ, డిండి వాగునకు దాపుననున్న యొక పల్లె. ఇటు నల్లగొండ సీమ, అటు పాలమూరు సీమ. ఎఱ్ఱని చెల్కలు, రాతి గుట్టలు, ఆముదపు చేలు, పల్లికాయ పంట - ఇవి మా చుట్టుపట్ల కనబడునవి. ఇట్టి నేలలో పుట్టినవానికి ఎత్తుట, మోయుట అన్నములో ఉప్పువలె కలిసిపోయిన పనులు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఆ రాతి ఆనకట్టను వేలకొలది కూలీలు తమ తలలమీదను భుజములమీదను రాయి మోసి కట్టిరి. దేశమున అనేక ఆనకట్టల కడ, కాలువల కడ "పాలమూరు లేబరు" అను మాట వినబడుచుండెను. మా వారి నడుములు దేశమునకు ఉపకరించినవి. ఐతే ఆ నడుము చెడినప్పుడు ఏమి చేయవలెనో మా వారికి చెప్పినవారు అరుదు.

మా యూరి చావడి ప్రక్కన ఒక తాలీము కలదు. మట్టి గోదా, రెండు జతల ముగ్దరులు, ఒక నున్నని రాతి గుండు - ఇవియే దాని ఆస్తి. ఆ గుండును ఒకసారి ప్రత్తి తూచు కాంటామీద పెట్టి చూచితిమి. 54 కిలోలు తూగెను. దసరా పండుగనాడు దానిని భుజమున కెత్తినవాడు ఆ యేటికి మొనగాడు. నేను ఓరియంటల్ కళాశాలలో చదువు ముగించి, ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా చేరిన నాటినుండి, సాయంకాలము ఆ తాలీమున పిల్లలచేత దండీలు, బస్కీలు తీయించుచు, నేనును వారితో కూడ గుండెత్తుచుంటిని.

ఇప్పటికి ఇరువదియైదేండ్ల క్రిందటి మాట. కూలిపని చేసికొను వాని కుమారుడొకడు నాకు శిష్యుడుగా నుండెను. పదునేడేండ్ల ప్రాయముననే గుండును భుజమున కెత్తినవాడు. ఒకనాటి సాయంత్రము నడుము పట్టుకొని వచ్చి, "సారూ, నడుము పట్టేసింది. రెండొద్దులు ఆగుత" అనెను. నేను పిల్లలందఱి యెదుట, "నొప్పికి లొంగువాడు తాలీమునకు రాకూడదు" అంటిని. ఆ బాలుడు తల వంచుకొని పోయి గుండెత్తెను. మఱునాడును ఎత్తెను. కొన్ని వారములలో నొప్పి పిఱ్ఱనుండి పిక్కకు, పిక్కనుండి పాదమునకు దిగెను. తుదకు కాలి బొటనవ్రేలు పైకి లేవకపోయెను. పట్టణమునకు కొనిపోయి శస్త్రచికిత్స చేయింపవలసి వచ్చెను. దాని కొఱకు వాని తండ్రి ఎద్దుల జతను అమ్మెను. ఆ ఎద్దులు మా యింటి ముందునుండియే సంతకు పోయినవి. నేను అరుగుమీద కూర్చుండి చూచితిని.

ఇక నా సంగతి. 2019వ సంవత్సరము కార్తీక మాసమున ఒకనాడు వేకువనే మంచము దిగి, మొగము కడిగికొని, తిన్నగా తాలీమునకు పోయితిని. పిల్లలు చూచుచుండిరి. గుండును నడుమువఱకు ఎత్తి, ప్రక్కనున్న తిన్నెమీద పెట్టుటకై పాదములు కదపక మొండెము మాత్రము త్రిప్పితిని. నడుము కలుక్కుమనెను. గుండు జాఱి పడెను. నన్ను ఇద్దఱు పిల్లలు మోసికొని ఇంటికి చేర్చిరి.

నేను చేసిన పొరపాటు ఇప్పుడు తెలియుచున్నది. మన నడుమున ఐదు వెన్నుపూసలున్నవి. పూసకును పూసకును మధ్య మెత్త వంటి బిళ్ల యున్నది. దానినే వైద్యులు డిస్కు అందురు. దాని అంచు గట్టి నారతో పొరలు పొరలుగా అల్లినట్లుండును. లోపల మెత్తని పదార్థముండును. రాత్రి పండుకొన్నప్పుడు ఆ బిళ్ల నీటిని పీల్చి ఉబ్బును. పగలు బరువుచేత కొంత అణగును. కావున నిద్ర లేచిన మొదటి గంటలో నడుము బిఱుసుగా నుండును. అప్పుడు వంగి బరువెత్తుట, అందును మెలితిరిగి ఎత్తుట ప్రమాదము. వేకువనే గోదాలోనికి దిగు మన యువకులు ముందుగా కొంతసేపు నడచి, ఒడలు వెచ్చబడిన తరువాతనే బరువు ముట్టవలెను.

పడిన పిమ్మట మూడు వారములు నేను మంచము దిగలేదు. వచ్చినవారెల్లరు "కదలకుము" అనియే చెప్పిరి. నూనె మర్దన, ఇసుక కాపడము జరిగినవి. కాపడమువలన కొంత హాయి కలిగిన మాట నిజము. కాని కదలక పడియుండుటవలన తొడలు సన్నబడినవి. లేచి నిలబడినచో కాళ్లు వణకినవి. అంతకంటె చెఱుపు భయము చేసెను. పట్టణమున నడుము లోపలి చిత్రము తీసి, బిళ్ల ఉబ్బినదని వ్రాసి యిచ్చిరి. ఆ కాగితము తలగడ క్రింద పెట్టుకొని, ఇక నా బ్రదుకు ముగిసినదనుకొంటిని.

ఆ కాగితమును గూర్చి తరువాత తెలిసికొన్న మాట మీకు చెప్పెదను. 1994లో అమెరికా వైద్యులు, నడుము నొప్పి లేని 98 మందికి ఇట్టి చిత్రములే తీసిరి. వారిలో నూటికి 52 మందికి కనీసము ఒక బిళ్లయైనను ఉబ్బియుండెను. వారెవ్వరికిని నొప్పి లేదు! తల నెరసినట్లే బిళ్లయు ముదియును. చిత్రమును చూచి వైద్యుడు మనిషిని పరీక్షింపవలెను గాని, చిత్రమును చూచి మనిషి మంచమెక్కరాదు.

మంచమును గూర్చియు అట్లే. 1995లో ఫిన్లాండు దేశమున హెల్సింకి నగరపు ఉద్యోగులపై జరిగిన పరీక్ష యొకటి ప్రకటింపబడినది. క్రొత్తగా నడుము పట్టిన 186 మందిని మూడు తెగలు చేసిరి. ఒక తెగవారు రెండు దినములు మంచము పట్టవలెను. ఒక తెగవారు నడుము వంచు వ్యాయామములు చేయవలెను. మూడవ తెగవారు నొప్పి ఓర్చుకొనగలిగినంత మేరకు తమ నిత్యకృత్యములు తాము చేసికొనవలెను. అందఱికంటె త్వరగా కోలుకొన్నది మూడవ తెగవారే. కావున మొదటి దినములలో కసరత్తు వలదు, మంచమును వలదు. ఇంటిలో తిరుగుట, స్నానము, కొంచెము నడక - ఇవియే మందు.

సంక్రాంతి నాటికి నాకు నొప్పి పోయెను. పోయినదని నేను ఎంత పొంగిపోతినో! భోగి మఱునాడే తాలీమునకు పోయి, గుండు క్రింద చేతులు పెట్టితిని. మోకాలి యెత్తునకు వచ్చినదో లేదో, మునుపటి చోటనే మరల కలుక్కుమనెను. ఈసారి నొప్పి తొడలోనికి దిగెను. మొదటి దెబ్బకంటె ఇది పెద్దది.

ఆ వారమున నన్ను చూడవచ్చినవాడు ఎవరనుకొన్నారు? ఎద్దులమ్మించిన ఆ శిష్యుడు. ఇప్పుడతడు ఒక మార్కెట్టు యార్డులో హమాలీలకు మేస్త్రి. శస్త్రచికిత్స తరువాత ఒక ఫిజియోథెరపీ నిపుణురాలు చెప్పినట్లు సంవత్సరకాలము ఓపిక పట్టి, కొంచెము కొంచెముగా బరువు నెత్తి, తిరిగి బస్తా మోయగలవాడైనాడు. తన క్రిందివారికి బస్తా ఎట్లెత్తవలెనో నేర్పుచున్నాడు. నా మంచము ప్రక్కన కూర్చుండి అంతయు విని అతడన్న మాట ఇది: "సారూ, మీకు నొప్పి పోయింది గని బలం రాలే. నొప్పి ముందుగాల పోతది. బలం ఎనుక వస్తది. నడుమ ఉన్న దినాలే మనిషిని మోసం జేస్తయి."

నలువదేండ్లు పాఠము చెప్పిన నాకు ఇంత స్పష్టముగా పాఠము చెప్పినవారు లేరు. అతడు ఎద్దుల మాట ఎత్తలేదు. నేనే ఎత్తితిని. "నాయనా, ఆనాడు నేను నిన్ను ఆ మాట అనకుండవలసినది" అంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "గా ముచ్చట ఎందుకు సారూ. ముందుగాల లేచి నిలబడుండ్రి" అని చేయి అందిచ్చెను.

మహాశయులారా, అతడు చెప్పిన క్రమమును, వైద్యుని అనుమతితో నేను ఆచరించిన విధమును మీకు విన్నవించెదను.

మొదటి మెట్టు నడక. దినమునకు మూడుమార్లు, ఒక్కొక్కమాఱు 5 నిమిషములు. వారము వారమునకు పెంచి 30 నిమిషములకు తెచ్చితిని. కాలు లాగినచో నిలబడి, తగ్గిన పిదప మరల నడచితిని.

రెండవ మెట్టు నేలమీది అభ్యాసము. చాపమీద చేతులు, మోకాళ్లు ఆనించి, పసిబిడ్డ ప్రాకునట్లుండి, కుడిచేయి ముందునకును ఎడమకాలు వెనుకకును చాచి, నడుము కదలకుండ పదియంకెలు లెక్కించు వఱకు నిలుపవలెను. పిదప ఎడమచేయి, కుడికాలు. ఇంకొకటి, ప్రక్కకు పండుకొని మోచేతిపైనను మోకాళ్లపైనను ఒడలు నిలుపుట. ఇవి చూచుటకు చిన్న పనులు. నడుము చుట్టునున్న కండలను బిగించి పూసలకు కట్టుకోటవలె చేయునవి ఇవియే.

మూడవ మెట్టు వంగుట నేర్చుకొనుట. అఱువదేండ్లు వచ్చినవాడు వంగుట నేర్చుకొనుట యేమని నాకును నవ్వు వచ్చెను. ఒక కఱ్ఱను వీపున నిలువుగా పెట్టుకొనవలెను. తల వెనుక భాగము, వీపు, పిఱ్ఱల నడిమి యెముక - ఈ మూడును కఱ్ఱకు తగులుచుండవలెను. అట్లే మోకాళ్లు కొంచెము వంచి, పిఱ్ఱలను వెనుకకు త్రోయుచు తుంటి కడ వంగవలెను. కఱ్ఱ ఎడమైనచో వంగినది నడుము; కఱ్ఱ అంటియున్నచో వంగినది తుంటి. బరువెత్తువానికి తుంటియే కీలు. ఇది వచ్చుటకు నాకు నెల పట్టెను.

నాలుగవ మెట్టు బరువు. 2020 ఏప్రిలు నెలలో, కరోనా కారణమున ఊరంతయు ఇండ్లలో నున్న కాలమున, గోనెసంచిలో 5 కిలోల యిసుక పోసి, మోకాలి యెత్తు తిన్నెమీద పెట్టి, అక్కడినుండి ఎత్తితిని. నేలమీదినుండి కాదు. సంచిని పొట్టకు దగ్గఱగా పట్టితిని. తిరుగవలసి వచ్చినచో పాదములతో తిరిగితిని. పదిమార్లు ఎత్తి దింపి, ఆనాటికి చాలించితిని. వారమునకు 2 కిలోల యిసుక చేర్చితిని. కొంత కాలమునకు తిన్నెకు మాఱుగా తక్కువ యెత్తు పీట, పిదప నేల.

ఐదవది మెట్టు కాదు, తూనిక. దానికి మఱునాటి ఉదయము అని పేరు పెట్టుకొంటిని. నేటి పని సరియో కాదో నేడు తెలియదు, రేపు తెలియును. మఱునాడు లేచునప్పటికి బిఱుసుదనము మునుపటికంటె పెరిగినచో ఒక మెట్టు దిగవలెను. మునుపటివలెనే యున్నచో అక్కడనే నిలువవలెను. వారమంతయు తేలికగా నున్నచో ఒక మెట్టు ఎక్కవలెను. నేను మూడు పర్యాయములు దిగితిని. మొదటిసారి దిగినపుడు సిగ్గుపడితిని. మూడవసారికి సిగ్గు పోయెను.

మన పూర్వులకు ఈ సూక్ష్మము తెలియనిది కాదు. వాగ్భటుడు తన అష్టాంగహృదయమున వ్యాయామమును సగము బలముతోనే చేయవలెనని విధించెను. ఊపిరి నోటికి వచ్చుట సగము బలము ఖర్చైనదనుటకు గుర్తని సుశ్రుతుడు చెప్పెను. ఈ సూత్రములను నేను తరగతిలో ఎన్నియో మార్లు అర్థము చెప్పితిని. గోదాలో మాత్రము మఱచితిని.

బరువులెత్తుటయే వృత్తిగా గలవారికిని ఈ కష్టము తప్పలేదు. మన తెలుగుబిడ్డ, శ్రీకాకుళము సీమకు చెందిన కరణం మల్లీశ్వరి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. అట్టి బలశాలికిని 2004లో ఏథెన్సు ఒలింపిక్సున నడుము నొప్పి అడ్డు వచ్చి, పోటీని ముగింపలేకపోయెను. మణిపురమునకు చెందిన మీరాబాయి చానుకు 2018లో నడుము దెబ్బతినెను. అప్పటికామె ప్రపంచ విజేత. ఐనను తొందరపడక ఆ యేటి జకార్తా ఆసియా క్రీడలను వదలుకొనెను. 2019 ఫిబ్రవరిలో థాయిలాండున 192 కిలోలతో మరల పోటీకి దిగెను. 2021 జూలై 24న టోక్యోలో 202 కిలోలెత్తి రజతము పొందెను. నేను ఆ వార్తను రేడియోలో వింటిని. అందఱు పతకమును మెచ్చుకొనుచుండగా, నేను ఆమె వదలుకొన్న ఆసియా క్రీడలను తలచుకొంటిని. ఎత్తుటకంటె ఎత్తకుండుటకు ఎక్కువ బలము కావలెను.

ఇచట ఒక హెచ్చరిక చేయవలెను. నడుము నొప్పులలో ఎక్కువ భాగము కొన్ని వారములలో తగ్గునవే. కాని కొన్ని గుర్తులు కనబడినచో ఇంటి వైద్యము, నా మాటలు, రెండును కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి పోవలెను. మలమూత్రములు పట్టు తప్పినను, మూత్రము రాకపోయినను, తొడల నడుమ, ఆసన భాగమున తిమ్మిరి యెక్కినను, పాదము లేవకపోయినను ఒక్కనాడైనను జాగు చేయరాదు. జ్వరముతోను, చిక్కిపోవుటతోను కూడిన నొప్పి, రాత్రి పండుకొన్నను తగ్గని నొప్పి, ముసలితనమున జాఱిపడినపుడు వచ్చిన నొప్పి - ఇవియు వైద్యుడు చూడవలసినవే.

ఇక నాదొక విన్నపము, ముఖ్యముగా పెద్దలకు. నాకు పింఛను కలదు. తొమ్మిది నెలలు కూర్చుండి కోలుకొంటిని. దినకూలితో బ్రదుకువాడు పది దినములు కూర్చుండిన పొయ్యి వెలుగదు. నొప్పి పోయిన మఱునాడే వాడు గంప యెత్తుకొనును. వాడు తెలియక ఎత్తుట లేదు, ఆకలిచేత ఎత్తుచున్నాడు. కావున మీ పొలమున, మీ ఇంట పనిచేయువాడు నడుము పట్టుకొన్నచో, వానిని సోమరి యనకుడు. పని మానిపింపకయు పోవచ్చును. బస్తాలెత్తు పనికి మాఱుగా కొన్ని వారములు గట్టుమీద కావలి, కల్లమున ఏరుట, నీరు త్రిప్పుట వంటి తేలిక పని యిచ్చి, కూలి తగ్గింపక నడపుడు. నిండు బస్తాకు బదులు సగము బస్తా రెండుమార్లు మోయనిండు. ఇది దానము కాదు. ఆ నడుము మనకు మునుపు చేసిన పనికి బాకీ తీర్చుట.

2020 దసరానాడు నేను తాలీమునకు పోయితిని. ముందు అరగంట నడచితిని. గుండు దగ్గఱ నిలబడి, తుంటి కడ వంగి, దానిని పొట్టకు చేర్చి నడుమువఱకు ఎత్తితిని. పాదములతో తిరిగి తిన్నెమీద పెట్టితిని. పిల్లలు "భుజానికి సారూ, భుజానికి" అని కేకలు వేసిరి. ఎత్తలేదు. మఱునాటి ఉదయము ఏమి చెప్పునో నాకు తెలియదు గదా! మఱునాడు తేలికగనే లేచితిని. ఐనను ఇప్పటికిని భుజమున కెత్తుట లేదు. నా వయస్సునకు నడుమువఱకు చాలును.

తాలీమున ఇప్పుడొక క్రొత్త కట్టడి యున్నది. ఏ పిల్లవాడైనను "నడుము పట్టినది సారూ" అన్నచో, వానిని తిన్నెమీద నా ప్రక్కన కూర్చుండబెట్టుదును. ఆనాటికి ఎన్ని దండీలు తీసిరో లెక్క వ్రాయు పని వానిదే. తిన్నెమీద కూర్చుండుట అవమానము కాదని వానికి తెలియవలెను గదా. ఆ తిన్నెమీద ఒక బాలుని ఇరువదియైదేండ్ల క్రిందటనే కూర్చుండబెట్టి యుండవలసినది.